పాత పైథాన్ తీసేయమంటే ఆప్ట్ డెస్క్‌టాప్ కూడా తీసేస్తానంటోంది, వై కొట్టనా?

కర్నూలు_కుర్రాడు
ఉబుంటు 22.04 వాడుతున్నాను. కోర్సుకి పైథాన్ 3.12 కావాలన్నారు, నా ల్యాప్‌టాప్‌లో 3.10 ఉంది. ముందు పాతది తీసేసి తర్వాత కొత్తది వేసుకోండి అని ఒక వీడియోలో చెప్పారు. అందుకని సుడో ఆప్ట్ రిమూవ్ పైథాన్3 అని కొట్టాను (సుడో అంటే అడ్మిన్ హక్కుతో, ఆప్ట్ అంటే ఉబుంటులో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు వేసి తీసే ప్రోగ్రామ్). పైథాన్ ఒక్కటే పోతుందనుకుంటే పేజీడు జాబితా వచ్చింది. అందులో ఉబుంటు-డెస్క్‌టాప్, ఉబుంటు-మినిమల్, గ్నోమ్-టెర్మినల్, అప్‌డేట్-మేనేజర్, యూఎఫ్‌డబ్ల్యూ ఇంకా చాలా ఉన్నాయి. కింద కంటిన్యూ చేయాలా, వై లేక ఎన్ అని అడిగి ఆగింది. ఇంకా ఏమీ నొక్కలేదు. ఇది మామూలేనా? కొత్త పైథాన్ వేశాక ఇవన్నీ వాటంతట అవే తిరిగొస్తాయా?

సర్వర్_సుబ్బు
రావు. ముందు ఎన్ కొట్టి ఎంటర్ నొక్కు తమ్ముడూ, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. వట్టి ఎంటర్ మాత్రం నొక్కకు. ఆ ప్రశ్నలో వై పెద్దక్షరంగా ఉంటుంది, అంటే ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కినా అవుననే లెక్క.

కర్నూలు_కుర్రాడు
ఎన్ కొట్టాను అన్నా. అబార్ట్ అని వచ్చి ఆగిపోయింది.

భీమవరం_బాబ్జీ
హమ్మయ్య. నువ్వు ఆ జాబితా చదివావు చూడు, అక్కడే బతికిపోయావు. చాలామంది చదవరు.

డెబియన్_దాసు
ఎందుకలా వచ్చిందో చెప్తాను, తెలిస్తే ఇంకెప్పుడూ భయం ఉండదు.

22.04లో ఉన్న పైథాన్ 3.10 నువ్వు ప్రోగ్రాములు రాసుకోవడానికని పెట్టింది కాదు. ఉబుంటు తన సొంత పనులకి పెట్టుకుంది. అప్‌డేట్-మేనేజర్ పైథాన్‌లో రాసిందే. ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూ కూడా అంతే. టెర్మినల్ తెరిచినప్పుడు ముందు నడిచే గ్నోమ్-టెర్మినల్ అనే ఫైలు కూడా ఒక చిన్న పైథాన్ స్క్రిప్టే. ప్రతి ప్యాకేజీ తనకి ఏవేవి కావాలో డిపెండ్స్ అనే వరుసలో రాసి పెట్టుకుంటుంది. పైథాన్3 తీసేయమంటే, దాని మీద ఆధారపడినవి, మళ్లీ వాటి మీద ఆధారపడినవి అన్నీ తీయక తప్పదు. దూలం పాతదైందని ఊడబీకితే పైకప్పు నిలబడదు కదా. ఆప్ట్ ఇక్కడ తప్పేమీ చేయలేదు. ఏం జరగబోతోందో పేరుపేరునా చెప్పి మరీ అడిగింది.

ఇంకో సంగతి. తీసే ముందు ఆప్ట్ -ఎస్ రిమూవ్ అని పక్కన ప్యాకేజీ పేరు కొట్టి చూడు. ఎస్ అంటే సిమ్యులేట్. దీనికి సుడో కూడా అక్కర్లేదు. నిజంగా ఏదీ తీయదు, ఏవేవి పోతాయో మాత్రం చూపిస్తుంది.

ఆర్చ్_అప్పారావు
సిమ్యులేట్ ఎందుకు, ఎలాగూ అడుగుతుంది కదా?

డెబియన్_దాసు
అడుగుతుంది, కానీ బ్లాగుల్లో, వీడియోల్లో ఇచ్చే కమాండ్లలో సగం చివర -వై తగిలించి ఉంటాయి. అది ఉంటే అడగదు, నేరుగా తీసేస్తుంది. ఎవరో ఇచ్చిన కమాండ్ కాపీ చేసే ముందు -వై ఉందేమో చూసి తీసేయడం నా మొదటి సలహా.

విశాఖ_వాణి
@కర్నూలు_కుర్రాడు నీకు కావలసింది 3.12, 3.10 పోవడం కాదు. రెండూ పక్కపక్కనే ఉండొచ్చు. డెడ్‌స్నేక్స్ అనే పీపీఏలో (ఉబుంటు సొంతవి కాకుండా వేరేవాళ్లు నడిపే ప్యాకేజీల రిపాజిటరీ) 22.04కి పైథాన్ 3.12 ఉంది. యాడ్-ఆప్ట్-రిపాజిటరీతో దాన్ని కలుపుకుని పైథాన్3.12, పైథాన్3.12-వెన్వ్ ఈ రెండూ ఇన్‌స్టాల్ చెయ్యి. తర్వాత పైథాన్3.12 -ఎం వెన్వ్ అని కొట్టి నీ కోర్సు ఫోల్డర్లో ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే ఆ పనికే పరిమితమైన విడి పైథాన్, చేసుకో. దాన్ని యాక్టివేట్ చేస్తే లోపల పైథాన్ అంటే 3.12, బయట సిస్టమ్‌కి 3.10 అలాగే ఉంటుంది.

గుంటూరు_గీక్
వాణి గారు చెప్పింది కరెక్టే కానీ పీపీఏ కూడా ఎందుకు? యూవీ అనే పైథాన్ టూల్ వేసుకుంటే యూవీ పైథాన్ ఇన్‌స్టాల్ 3.12 అని ఒక్క కమాండ్. అంతా హోమ్ ఫోల్డర్లోనే ఉంటుంది, సిస్టమ్ ప్యాకేజీల జోలికే వెళ్లదు. సుడో లేని కాలేజీ మెషీన్లలో కూడా పనిచేస్తుంది.

విశాఖ_వాణి
అదీ మంచి దారే. నేను ల్యాబ్‌లో పీపీఏ చెప్పడానికి కారణం, పిల్లలకి ప్యాకేజీ అంటే ఏంటో అర్థం కావాలని. ఇంట్లో ఒక్కరే వాడుకునేదానికి యూవీ హాయి.

సర్వర్_సుబ్బు
ఏ దారిలో వెళ్లినా సరే, అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ తో పైథాన్3 ని 3.12 వైపు తిప్పకు. ఆ వీడియోల్లో తర్వాతి మెట్టు ఎప్పుడూ అదే. తిప్పగానే టెర్మినల్ తెరుచుకోదు. ఆప్ట్‌తో ఏదైనా చేస్తే ఆప్ట్_పీకేజీ మాడ్యూల్ దొరకలేదు అని ఎర్రర్. అది 3.10 కోసం కట్టిన మాడ్యూల్, 3.12 లో ఎక్కడినుంచి వస్తుంది?

కర్నూలు_కుర్రాడు
వీడియోలో నిజంగానే తర్వాతి మెట్టు అదే అన్నా! పీపీఏ దారిలో వెళ్లాను. పైథాన్3.12 --వెర్షన్ కొడితే చూపిస్తోంది. అందరికీ చాలా థ్యాంక్స్.

పాలమూరు_ప్రవీణ్
ఈ చర్చ నిన్న కనబడి ఉంటే బావుండేది. మా తమ్ముడు ఇదే వీడియో చూసి రాత్రి వై కొట్టేశాడు. అదీ 22.04 ఏ. రీస్టార్ట్ చేస్తే నల్ల తెర మీద లాగిన్ అని అక్షరాలు మాత్రమే. ప్రాజెక్టు ఫైళ్లన్నీ అందులో ఉన్నాయని అన్నం కూడా తినడం లేదు. మొత్తం ఫార్మాట్ చేయాల్సిందేనా?

సర్వర్_సుబ్బు
ఫార్మాట్ వద్దు. ఫైళ్లు ఎక్కడికీ పోవు. ఆప్ట్ హోమ్ ఫోల్డర్‌ని ముట్టుకోదు, తీసినా ప్యాకేజీలో వచ్చినవే తీస్తుంది. ముందు తమ్ముడికి ఆ మాట చెప్పి అన్నం తినమను.

లాగిన్ అని కనిపిస్తోందంటే సిస్టమ్ బతికే ఉంది. అక్కడే యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్లండి. ఒకవేళ లాగిన్ రాకుండా తెర అలాగే ఉండిపోతే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే వస్తుంది. తర్వాత ఇంటర్నెట్ కావాలి. రూటర్ దగ్గర ఉంటే వైరు పెట్టండి. లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్ యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి ఫోన్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. నెట్ వచ్చాక సుడో ఆప్ట్ అప్‌డేట్, తర్వాత సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఉబుంటు-డెస్క్‌టాప్. పైథాన్3 దానితో పాటే తిరిగొస్తుంది.

పాలమూరు_ప్రవీణ్
లాగిన్ అయ్యాను. ఫైళ్లు ఉన్నాయి, ఎల్ఎస్ కొట్టి వాడికి చూపించాను. ఇప్పుడు కొంచెం తేరుకున్నాడు. కానీ టెథరింగ్ ఆన్ చేసినా నెట్ రావట్లేదు. పింగ్ పోవట్లేదు.

డెబియన్_దాసు
ఐపీ లింక్ అని కొట్టండి. ఈఎన్ఎక్స్ తో మొదలయ్యే పొడుగు పేరో, యూఎస్‌బీ0 అనో ఒకటి కనిపించాలి. కనిపిస్తే ఫోన్ దొరికినట్టే, అడ్రస్ ఒక్కటే రాలేదు. సుడో డీహెచ్‌క్లయింట్ అని పక్కన ఆ పేరు ఇవ్వండి.

పాలమూరు_ప్రవీణ్
వచ్చింది!! పింగ్ పోతోంది. ఆప్ట్ ఇన్‌స్టాల్ నడుస్తోంది. మొబైల్ డేటా మీద కాబట్టి టైమ్ పట్టేలా ఉంది.

భీమవరం_బాబ్జీ
వైఫై ఉంటే ఫోన్ని వైఫైకి కలిపి టెథరింగ్ పెట్టండి. అప్పుడు డేటా ప్యాక్ అవ్వదు, వైఫై నుంచే వెళ్తుంది.

గుంటూరు_గీక్
ఎవరికైనా లాగిన్ కూడా రాని పరిస్థితి ఉంటే ఇంకో దారి రాసి పెడుతున్నాను. లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, హార్డ్ డిస్క్‌లోని ఉబుంటు పార్టిషన్‌ని /ఎంఎన్‌టీ మీద మౌంట్ చేయండి. డెవ్, ప్రాక్, సిస్ ఈ మూడింటినీ దాని లోపలికి బైండ్ మౌంట్ చేసి క్రూట్‌తో (ఆ పార్టిషన్‌నే అసలు సిస్టమ్‌గా చూపించే కమాండ్) లోపలికి వెళ్లండి. ఇప్పుడు మీరు కొట్టే ఆప్ట్ కమాండ్ పాడైన సిస్టమ్ మీద పనిచేస్తుంది, లైవ్ సిస్టమ్ మీద కాదు. లోపల పేర్లు రిజాల్వ్ కాకపోతే రిజాల్వ్.కాన్ఫ్ సరిగా లేదని అర్థం, లైవ్ సిస్టమ్‌లోది చూసి పెట్టుకోవాలి.

పాలమూరు_ప్రవీణ్
డెస్క్‌టాప్ వచ్చేసింది. సుబ్బు అన్నా, దాసు గారూ, మీకు రుణపడి ఉంటాను. ఒక్క సందేహం. వాడు వేసుకున్న వేరే సాఫ్ట్‌వేర్లు కూడా కొన్ని పోయినట్టున్నాయి. ఏవేవి పోయాయో ఎలా తెలుస్తుంది?

డెబియన్_దాసు
/వార్/లాగ్/ఆప్ట్/హిస్టరీ.లాగ్ తెరవండి. ప్రతి లావాదేవీ తేదీ, టైము, కొట్టిన కమాండ్‌తో సహా అందులో ఉంటుంది. రాత్రి టైము దగ్గర కమాండ్‌లైన్ అని ఆప్ట్ రిమూవ్ పైథాన్3 కనిపిస్తుంది, దాని కింద రిమూవ్ అనే వరుసలో పోయిన ప్యాకేజీల పేర్లన్నీ ఉంటాయి. అందులోంచి కావలసినవి ఏరుకుని ఆప్ట్ ఇన్‌స్టాల్‌కి ఇచ్చేయండి. పాతవైతే ఆ ఫోల్డర్లోనే జీజెడ్ ఫైళ్లుగా ఉంటాయి, జెడ్‌క్యాట్‌తో చదవొచ్చు.

ఉబుంటులో ఏది చెడినా నేను మొదట తెరిచే ఫైలు ఇదే. అయినా ఎవరూ చెప్పరు దీని గురించి.

ఫెడోరా_ఫణి
మాకు ఇంత శ్రమ లేదు. ఫెడోరాలో ఆప్ట్ లాంటిది డీఎన్‌ఎఫ్. డీఎన్‌ఎఫ్ హిస్టరీ అని కొడితే లావాదేవీలన్నీ నంబర్లతో వస్తాయి. డీఎన్‌ఎఫ్ హిస్టరీ అండూ అని నంబరు ఇస్తే వెనక్కి తిప్పేస్తుంది.

సర్వర్_సుబ్బు
ఆ విషయంలో డీఎన్‌ఎఫ్ ముందుంది, ఒప్పుకోవాల్సిందే. పాత వెర్షన్ రిపాజిటరీలో లేకపోతే అండూ కూడా ఆగిపోతుంది అనుకోండి, కానీ సౌకర్యం సౌకర్యమే.

ఆర్చ్_అప్పారావు
@పాలమూరు_ప్రవీణ్ తమ్ముడు రిమూవ్ కొట్టాడు కాబట్టి సరిపోయింది. పర్జ్ కొట్టి ఉంటే సెట్టింగులు కూడా పోయేవి. అయినా నేనైతే ఎప్పుడూ పర్జే. ఆర్చ్‌లో ఆప్ట్ లాంటిది ప్యాక్‌మ్యాన్, అందులో -ఆర్ఎన్ఎస్ (కాన్ఫిగ్, అక్కర్లేని డిపెండెన్సీలతో సహా తీసేది) తప్ప వేరేది కొట్టను. తీసేస్తే పూర్తిగా తీసేయాలి, సగం సగం ఎందుకు?

నెల్లూరు_నెట్‌వర్క్
పర్జ్‌కి రిమూవ్‌కి తేడా ఏంటో ఎవరైనా సరిగ్గా చెప్పండి. నాకు రెండూ ఒకటే అనిపిస్తాయి.

విశాఖ_వాణి
రిమూవ్ ప్రోగ్రామ్‌ని తీసేస్తుంది, /ఈటీసీలో దాని కాన్ఫిగ్ ఫైళ్లు ఉంచుతుంది. రేపు మళ్లీ వేసుకుంటే పాత సెట్టింగులతోనే వస్తుంది. పర్జ్ ఆ కాన్ఫిగ్ కూడా తీసేస్తుంది. డీపీకేజీ -ఎల్ కొడితే వరుస మొదట్లో ఆర్‌సీ అని కొన్ని కనిపిస్తాయి, అవి రిమూవ్ అయి కాన్ఫిగ్ మిగిలిన ప్యాకేజీలు. రెండూ ముట్టుకోనిది మాత్రం మీ హోమ్ ఫోల్డర్. మీ పేరున .కాన్ఫిగ్‌లో ఉన్న సెట్టింగులు పర్జ్ చేసినా అలాగే ఉంటాయి. పర్జ్ చేసి మళ్లీ వేసినా పాత సమస్యే వస్తోంది అనేవాళ్లలో చాలామందికి కారణం ఇదే.

సర్వర్_సుబ్బు
అప్పారావు గారితో నేను ఒప్పుకోను. డెస్క్‌టాప్ మీద పర్జ్ అంటే సరే. సర్వర్ మీద పర్జ్ అలవాటు ప్రమాదం. మైఎస్‌క్యూఎల్ సర్వర్ సరిగా స్టార్ట్ కావట్లేదని పర్జ్ చేసి మళ్లీ వేద్దామనుకునేవాళ్లు ఎందరో. పర్జ్ చేసేటప్పుడు డేటాబేసులు కూడా తీసేయాలా అని ఒక తెర వస్తుంది. కంగారులో ఉన్న మనిషి అక్కడ యస్ కొట్టేస్తాడు. /వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్‌లో ఉన్న డేటా మొత్తం పోతుంది. ఆప్ట్ హిస్టరీ లాగ్ ప్యాకేజీల పేర్లు చెప్తుంది కానీ కస్టమర్ రికార్డులు తెచ్చివ్వదు. డేటా ఉన్న ప్యాకేజీ ఏదైనా సరే, ముందు బ్యాకప్, తర్వాత రిమూవ్. పర్జ్ చివరి మాట.

ఆర్చ్_అప్పారావు
సర్వర్ సంగతి నేను అనలేదు సుబ్బు గారూ. ఇంటి మెషీన్ గురించే.

సర్వర్_సుబ్బు
మీరు ఇంటి గురించే అన్నారు, చదివినవాడు ఆఫీసులో కొడతాడు. అందుకే రాశాను.

తెనాలి_అక్షరం
నాదో వేరే సమస్య, కానీ ఇక్కడికే వస్తుంది. లిబ్రే ఆఫీసులో ఫాంట్ల జాబితా నిండా నాకు రాని భాషల ఫాంట్లు ఉన్నాయని ఆఫీసులో కుర్రాడు ఫాంట్స్-లోహిత్ తర్వాత నక్షత్రం గుర్తు పెట్టి అన్నీ పర్జ్ చేశాడు. ఇప్పుడు తెలుగు పేజీల్లో కొన్ని చోట్ల డబ్బాలు వస్తున్నాయి. మాది డీటీపీ పని, రేపటికి శుభలేఖలు ఇవ్వాలి.

డెబియన్_దాసు
సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫాంట్స్-టెలు కొట్టండి. అది తెలుగు ఫాంట్లన్నీ తెచ్చే మెటా ప్యాకేజీ. లోహిత్ తెలుగుతో పాటు ఫాంట్స్-టెలు-ఎక్స్‌ట్రా వస్తుంది, అందులో పోతన, వేమన ఉంటాయి. వేశాక ఎఫ్‌సీ-లిస్ట్ :లాంగ్=టీఈ అని కొడితే సిస్టమ్‌లో తెలుగు రాయగల ఫాంట్లన్నీ చూపిస్తుంది. లిబ్రే ఆఫీసు ఒకసారి మూసి తెరవండి.

తెనాలి_అక్షరం
వచ్చాయండీ, పోతన కూడా కనిపిస్తోంది. శుభలేఖ నిలబడింది. మిగతా భాషల ఫాంట్లు మాత్రం తీసేయొచ్చా?

గుంటూరు_గీక్
తీసేయొచ్చు, ఒక్కొక్కటి పేరు పెట్టి. నక్షత్రం గుర్తు వాడితే మన భాషది కూడా అందులో ఉంటుంది, అదే జరిగింది మీకు. పైగా తీసినా మిగిలే చోటు తక్కువ.

తెనాలి_అక్షరం
చోటు కోసం కాదండీ, వెతుక్కోవడానికి అడ్డంగా ఉన్నాయని. పేరు పెట్టే తీయిస్తాను, ముందు -ఎస్ తో చూసి.

నెల్లూరు_నెట్‌వర్క్
ఆటోరిమూవ్ సంగతేంటి? ఏది ఇన్‌స్టాల్ చేసినా "ఈ ప్యాకేజీలు ఇక అక్కర్లేదు, ఆటోరిమూవ్ వాడండి" అని చెప్తూనే ఉంటుంది. కొట్టాలంటే టెన్షన్.

భీమవరం_బాబ్జీ
నేను అప్‌డేట్ చేసిన ప్రతిసారీ కొడతాను, ఇంతవరకు ఏమీ కాలేదు. పైగా /బూట్ వేరే పార్టిషన్‌గా ఉన్నవాళ్లు కొట్టాల్సిందే. పాత కెర్నల్స్ పేరుకుపోయి /బూట్ నిండిపోతే కొత్త కెర్నల్ అప్‌డేట్ మధ్యలో ఆగిపోతుంది.

విశాఖ_వాణి
కెర్నల్స్ విషయంలో నిజమే, ఇప్పుడు నడుస్తున్న కెర్నల్‌ని ఆటోరిమూవ్ తీయదు. కానీ కళ్లు మూసుకుని కొట్టొద్దు బాబ్జీ. మీరు స్వయంగా అడిగి వేసుకున్నవి మాన్యువల్ అని, వాటి కోసం వచ్చినవి ఆటో అని ఆప్ట్ గుర్తు పెట్టుకుంటుంది. ఆటో వాటిలో ఎవరికీ అక్కర్లేనివి మాత్రమే ఆటోరిమూవ్ తీస్తుంది. చిక్కు ఎక్కడంటే, ఒక లైబ్రరీ ఏదో ప్యాకేజీతో పాటు వస్తుంది, దాన్ని మీరు సోర్స్ నుంచి కట్టుకున్న ప్రోగ్రామ్ కూడా వాడుకుంటుంది. ఆ సంగతి ఆప్ట్‌కి తెలియదు కదా. మొదటి ప్యాకేజీ తీసేయగానే లైబ్రరీ అనాథ అనుకుని తీసేస్తుంది. అలాంటివాటికి ఆప్ట్-మార్క్ మాన్యువల్ అని పేరు ఇస్తే ఇక ముట్టుకోదు. ఒక ప్యాకేజీ ఎందుకుందో తెలియకపోతే ఆప్టిట్యూడ్ వేసుకుని ఆప్టిట్యూడ్ వై అని, డబ్ల్యూహెచ్‌వై, దాని పేరు కొట్టండి. ఎవరి కోసం వచ్చిందో గొలుసు చూపిస్తుంది.

భీమవరం_బాబ్జీ
ఆప్టిట్యూడ్ వై సంగతి తెలియదు. ఇవాళే వేస్తాను.

ఫెడోరా_ఫణి
మా దగ్గర డీఎన్‌ఎఫ్ రిమూవ్ కొడితేనే అనాథలు కూడా దాంతోపాటే పోతాయి, విడిగా అక్కర్లేదు. అందుకే మేం జాబితా ఇంకా శ్రద్ధగా చదవాలి.

గుంటూరు_గీక్
జాబితా చదవడం మాట వచ్చింది కాబట్టి. 2021 నవంబరులో లైనస్ టెక్ టిప్స్ అనే యూట్యూబ్ చానల్లో లైనస్ పాప్ ఓఎస్ (ఉబుంటు మీద కట్టిన లినక్స్) మీద స్టీమ్ (గేమ్స్ యాప్) ఇన్‌స్టాల్ చేయబోతే డెస్క్‌టాప్ ఎగిరిపోయింది, గుర్తుందా? డిపెండెన్సీ సరిపోక ఆప్ట్ డెస్క్‌టాప్‌ని తీయబోయింది. ముఖ్యమైనవి పోతాయని హెచ్చరించి, "యస్, డూ యాజ్ ఐ సే!" అని మొత్తం టైప్ చేస్తేనే చేస్తానంది. ఆయన టైప్ చేశాడు. ఆ తర్వాత ఆప్ట్‌లో కట్టుదిట్టం పెంచారు. ఇప్పుడు అలాంటి కీలక ప్యాకేజీలు ప్రత్యేకమైన ఫ్లాగ్ ఇస్తే తప్ప తీయదు.

కర్నూలు_కుర్రాడు
మరి నాకు ఆ అడ్డు ఎందుకు రాలేదు? మామూలుగా వై, ఎన్ అనే అడిగింది.

డెబియన్_దాసు
మంచి ప్రశ్న. ఆ అడ్డు ఎసెన్షియల్ లేదా ప్రొటెక్టెడ్ అని ముద్ర ఉన్న ప్యాకేజీలకే. డీపీకేజీ, బ్యాష్ లాంటివి. పైథాన్3కి ఆ ముద్ర లేదు. పైథాన్ లేకుండా కూడా డెబియన్ నడుస్తుంది, చిన్న కంటైనర్లలో ఉండనే ఉండదు. అందుకని ఆప్ట్ దాన్ని మామూలు ప్యాకేజీగానే చూస్తుంది. నీ డెస్క్‌టాప్ నీకు ఎంత ముఖ్యమో దానికి తెలియదు. కొత్త ఆప్ట్ 3.0లో, అంటే డెబియన్ 13, ఉబుంటు 25.04 నుంచి, తీసేవాటిని ఎర్ర రంగులో విడిగా చూపిస్తోంది. 22.04లో ఆ సదుపాయం లేదు.

నెల్లూరు_నెట్‌వర్క్
ఫైర్‌ఫాక్స్ ఆప్ట్‌తో పర్జ్ చేశాను, ఇంకా ఉంది. ఇదేం మాయ?

సర్వర్_సుబ్బు
22.04లో ఫైర్‌ఫాక్స్ స్నాప్, అంటే ఆప్ట్‌తో కాకుండా విడిగా నడిచే వేరే రకం ప్యాకేజీ. ఆప్ట్‌లో ఆ పేరుతో ఉన్న ప్యాకేజీ స్నాప్‌ని తెచ్చిపెట్టే దారి మాత్రమే. స్నాప్ లిస్ట్ కొట్టి చూడండి, అక్కడుంటుంది. స్నాప్ రిమూవ్ ఫైర్‌ఫాక్స్ కొడితే పోతుంది. కానీ మీ డేటా ఒక స్నాప్‌షాట్‌గా 31 రోజులు ఉంచుతుంది, స్నాప్ సేవ్‌డ్ లో కనిపిస్తుంది. అదీ వద్దంటే స్నాప్ రిమూవ్ తర్వాత రెండు గీతలు పెట్టి పర్జ్ కలపండి. బుక్‌మార్కులు ముందే దాచుకోండి.

అనంత_అడ్మిన్
ఏది ఇన్‌స్టాల్ చేద్దామన్నా కుడ్ నాట్ గెట్ లాక్, /వార్/లిబ్/డీపీకేజీ/లాక్-ఫ్రంటెండ్ అని వస్తోంది. ఆ లాక్ ఫైలు ఆర్ఎం కొట్టి తీసేయమని ఒకచోట ఉంది. తీసేయనా?

ఆర్చ్_అప్పారావు
తీసేయండి, పనైపోతుంది.

డెబియన్_దాసు
వద్దు, దయచేసి వద్దు. ఆ తాళం ఊరికే పడలేదు, వెనక ఇంకో ప్రాసెస్ ప్యాకేజీలు మారుస్తోంది. ఎక్కువసార్లు అది అన్ అటెండెడ్-అప్‌గ్రేడ్స్, సెక్యూరిటీ అప్‌డేట్లు తనంతట తాను వేస్తుంటుంది. ఫైలు తీసేసి మీరు ఇంకో ఆప్ట్ నడిపితే రెండూ ఒకే డేటాబేసులో ఒకేసారి రాస్తాయి, ప్యాకేజీలు సగం సగం మిగిలిపోతాయి. ఆ ఎర్రర్ వరుసలోనే ఏ ప్రాసెస్ పట్టుకుందో నంబరు ఉంటుంది. పీఎస్ కొట్టి అది ఏంటో చూడండి. నడుస్తుంటే అవ్వనివ్వండి. కరెంటు పోయో మరోలాగో మధ్యలో ఆగిపోయి ఉంటే సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ కొట్టండి, ఆగినచోటు నుంచి పూర్తి చేస్తుంది. అప్పటికీ డిపెండెన్సీలు తెగి ఉంటే ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్.

ఆర్చ్_అప్పారావు
ప్యాక్‌మ్యాన్‌లో మధ్యలో ఆగితే డీబీ.ఎల్‌సీకే మిగిలిపోతుంది, దాన్ని చేత్తోనే తీసేస్తాం. ఆ అలవాటుతో అన్నాను. అక్కడ కూడా ప్యాక్‌మ్యాన్ నడవట్లేదని చూసుకునే తీయాలనుకోండి.

డెబియన్_దాసు
అవును, పద్ధతి వేరు. డీపీకేజీలో తాళం ఆ ఫైలు ఉండటం వల్ల కాదు, ప్రాసెస్ దాన్ని పట్టుకుని ఉండటం వల్ల. ప్రాసెస్ పోతే తాళం దానంతట అదే ఊడిపోతుంది, ఫైలు అక్కడే ఉన్నా పరవాలేదు. కాబట్టి తీయాల్సిన అవసరమే రాదు.

అనంత_అడ్మిన్
నంబరు చూశాను, అన్ అటెండెడ్-అప్‌గ్రేడ్సే. కాసేపు వదిలేస్తే అదే పూర్తయింది. ఇప్పుడు ఇన్‌స్టాల్ అవుతోంది.